ఏ వాకిట అడగవలెను?

సందేహము కలిగినప్పుడు పూర్వపు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసుకొనేవాడు. నాకు తెలియవలసినది ఏమి అన్నది మొదటిది. దానిని ఎవరిని అడగవలెను అన్నది రెండవది. ఛందస్సులో సందేహమైతే ఒక ఇంటికి, ఫారసీ పదములో సందేహమైతే మరియొక ఇంటికి, భూమి హద్దులలో సందేహమైతే కరణముగారి ఇంటికి పోయేవాడు. ఈనాటి విద్యార్థికి మొదటి ప్రశ్న మాత్రమే మిగిలినది. రెండవ ప్రశ్నకు సమాధానమును కంప్యూటరును, ఫోనును తయారు చేసినవారే ముందుగా నిర్ణయించి పెట్టినారు. బ్రౌజరు పైభాగమున ఉండే చిరునామా పట్టీలో ఏ మాట కొట్టినను అది ఒకే వాకిటికి పోతున్నది. అక్కడ ఏది పెడితే అదే భోజనము.

ఈ నిర్ణయము ఎంత విలువైనదో మనకు తెలియకపోయినను వర్తకులకు బాగుగా తెలియును. అమెరికాలో గూగుల్ సంస్థపై నడిచిన గుత్తాధిపత్యపు కేసులో బయటపడిన లెక్క ఒకటి కలదు. తమ అన్వేషణ యంత్రమే బ్రౌజర్లలోను ఫోన్లలోను ముందుగా అమర్చబడి ఉండుటకై ఆ సంస్థ 2021వ సంవత్సరము ఒక్కదానిలోనే 2,630 కోట్ల డాలర్లు ఇతర సంస్థలకు చెల్లించినది. ఆ సంస్థ తన గుత్తాధిపత్యమును చట్టవిరుద్ధముగా నిలుపుకొన్నదని న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పు చెప్పినారు. తీర్పు సంగతి న్యాయశాస్త్రము వారికి వదలుదాము. మనకు పనికివచ్చే అంశము వేరు. ముందుగా అమర్చిన దానిని మనిషి తనంతట తాను మార్చుకొనడు అనే నమ్మకము మీదనే అంత సొమ్ము కుమ్మరించబడినది. ఆ నమ్మకమును మన కళాశాల విద్యార్థులు కూడ నిజము చేయుచున్నారన్నదే మా బాధ.

మార్చుకొనుటకు సాధనము లేదా అంటే ఉన్నది. అది ఏళ్ల తరబడి అనేక బ్రౌజర్లలో పడి ఉన్నది. ఏ సందేహమును ఏ వాకిటికి పంపవలెనో మనమే ముందుగా చెప్పి పెట్టుకొని, ఒకటి రెండు అక్షరముల గుర్తుతో నేరుగా అక్కడికే పంపే ఏర్పాటు అది. దీనిని కొందరు అడ్డదారి అంటున్నారు. అడ్డదారి అనే మాటకు మన వాడుకలో మంచి పేరు లేదు కనుక మేము దగ్గరి దారి అనే అంటాము.

ఇది ఎవరికైనను పనికివచ్చే సౌకర్యమే. కాని శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల విద్యార్థికి ఇది మరింత అవసరమని మా అభిప్రాయము. కారణము మన ఊళ్ల పేర్లలోనే ఉన్నది.

విజయనగరము అని తెలుగులో కొట్టి చూడుడు. 1713లో కోట కట్టుట ఆరంభమైన మన పూసపాటివారి విజయనగరము, 1336 నాటి తుంగభద్రాతీరపు విజయనగరము రెండును ఒకే మాటలో ఉన్నవి. ఇంగ్లీషులో వర్ణక్రమము వేరు గనుక కొంత నయము. తెలుగు లిపిలో ఆ ఆధారము కూడ లేదు. విజయనగరము కోటను గురించిన వ్యాసమునకు హంపీలోని రాతిరథము బొమ్మ అతికించి తెచ్చిన విద్యార్థులను మేము ఒకరికి మించి చూచినాము. శ్రీకాకుళము సంగతి ఇంతకంటె వింత. కృష్ణా జిల్లా ఘంటసాల మండలములో శ్రీకాకుళమనే గ్రామము కలదు. ఆంధ్రమహావిష్ణువు ఆలయము అక్కడిది. శ్రీకృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద వ్రాయుమని స్వప్నములో ఆదేశము కలిగినట్లు చెప్పుకొనే చోటు అదే. అనగా ఆ విజయనగరపు రాజుకు ఆ శ్రీకాకుళములో కల వచ్చినది. ఈ విజయనగరమునకు గాని, ఈ శ్రీకాకుళమునకు గాని ఆ కలతో నిమిత్తము లేదు. ఈ నాలుగు ఊళ్లను యంత్రము కలగలిపి ముందు పోస్తే, వేరు చేసుకొనే భారము పదునెనిమిదేండ్ల పిల్లవానిపై పడుచున్నది. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉన్నదని మొదటిసారి తెలిసిన ప్రయాణికుని వలె వాడు తెల్లబోవుటలో ఆశ్చర్యమేమున్నది?

పాత కాలపు సంగతి వెతికేవానికి చిక్కు ఇంకొకటి. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పదునేడవ శతాబ్దములో కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళములో ఉన్నది. దానిని గురించి పాత ఇంగ్లీషు గ్రంథములలో వెతకదలచినవారు శ్రీకాకుళము అని కొడితే లాభము లేదు. ఆ గ్రంథములలో ఈ ఊరి పేరు చికాకోల్. అంతేకాదు, 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ ప్రాంతము గంజాము జిల్లాలోనిది. ఆ తరువాత విశాఖపట్టణము జిల్లాలో చేరినది. శ్రీకాకుళము జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరము జిల్లా 1979 జూన్ 1న పుట్టినవి. కాబట్టి పంతొమ్మిదవ శతాబ్దపు శ్రీకాకుళము కావలెనంటే మాల్ట్‌బీ 1882లో వెలువరించిన గంజాము జిల్లా మాన్యువలులోను, వెనుకటి విజయనగరము కావలెనంటే ఫ్రాన్సిస్ 1907లో వెలువరించిన విశాఖపట్టణము గెజెటీరులోను చూడవలెను. రెండును ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితముగా చదువుకొనవచ్చును. ఆ ఆర్కైవునకు ఒక దగ్గరి దారి వేసుకొని, చికాకోల్, గంజాము అనే పేర్లతో నేరుగా అడిగిన విద్యార్థికి ఒక పూటలో దొరికేది, అందరూ పోయే వాకిట నిలబడిన వానికి వారము దినములకు కూడ దొరకకపోవచ్చును.

ఇక ఆ దారి వేయు విధానము చెప్పెదము. ఒక నిఘంటువు స్థానమునకో, విజ్ఞాన సర్వస్వమునకో పోయి అక్కడి పెట్టెలో ఏదైన ఒక మాట వెతకవలెను. ఫలితము వచ్చిన తరువాత చిరునామా పట్టీని శ్రద్ధగా చదవవలెను. మనము కొట్టిన మాట ఆ చిరునామాలో ఎక్కడో ఒకచోట కనబడుచున్నదా? కనబడితే పని జరిగినట్లే. ఆ మాటను తీసివేసి, దాని స్థానములో శాతపు గుర్తును, దానిని అంటి ఆంగ్లపు చిన్న ఎస్ అక్షరమును ఉంచవలెను. ఆ చిరునామాను క్రోమ్ బ్రౌజరు సెట్టింగులలో సెర్చ్ ఇంజిన్ విభాగమున, సైట్ సెర్చ్ అనే శీర్షిక క్రింద చేర్చవలెను. అక్కడ మూడు గళ్లు ఉండును. మొదటి దానిలో పేరు, రెండవ దానిలో మనకు నచ్చిన గుర్తు, మూడవ దానిలో ఈ చిరునామా. ఆపైన చిరునామా పట్టీలో ఆ గుర్తు కొట్టి, ట్యాబ్ మీట నొక్కి, కావలసిన మాట కొడితే చాలును. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే చిరునామాను ఒక బుక్‌మార్కుగా దాచుకొని, దాని కీవర్డ్ గడిలో గుర్తు వ్రాసుకొనవచ్చును. అందులో గుర్తు తరువాత కొంత ఖాళీ విడిచి మాట కొట్టవలెను.

ఆ శాతపు గుర్తు, ఎస్ అక్షరము ఎక్కడివో కంప్యూటరు శాస్త్రము చదివే పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. సి భాషలో అచ్చు వేయించు ఆజ్ఞ నేర్చుకొన్నప్పుడు మొదటి వారములోనే తగిలినవి. అక్షరముల వరుస ఒకటి ఇక్కడ వచ్చి చేరును అని దాని అర్థము. తరగతిలో మార్కుల కొరకు నేర్చినది నిత్యజీవితములో ఎదురుపడుట అరుదు. ఇక్కడ ఎదురుపడినది.

ఒక జాగ్రత్త. మొదటి పరీక్షకు ఆంగ్ల లిపిలోని చిన్న మాటనే వాడవలెను. తెలుగు మాట వాడితే అది చిరునామాలో గుర్తు పట్టరాకుండ మారిపోవచ్చును. తెలుగు అక్షర సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లుగాను, ఉర్దూ అక్షరము రెండు బైట్లుగాను విడిపోయి, శాతపు గుర్తులతో కూడిన పొడుగాటి గొలుసుగా కనబడును. దానిని చూచి ఏదో చెడిపోయినదని కంగారు పడి మానుకొన్నవారు ఉన్నారు. చెడినది ఏమియు లేదు. మరియొకటి. కొట్టిన మాట చిరునామాలో ఏ రూపమునను రాని స్థానములు కూడ కొన్ని కలవు. వాటికి ఈ పద్ధతి చెల్లదు. అటువంటివాటిని మామూలు బుక్‌మార్కుగా ఉంచుకొనుటే మేలు.

ఏ వాకిళ్లకు దారులు వేయవలెను అన్నది అసలు ప్రశ్న. ఇందులో ఎవరి అభిరుచి వారిది. అయినను ఉర్దూ, తెలుగు రెండును చదువుకొనే మన వంటి కళాశాలలో మూడు వాకిళ్లు తప్పక ఉండవలెనని మేము పట్టుబట్టుచున్నాము. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయము దక్షిణాసియా భాషల నిఘంటువులను అనేకము ఒకచోట చేర్చి ఉచితముగా అందించుచున్నది. సి.పి. బ్రౌను తెలుగు నిఘంటువు అందులో ఉన్నది. దాని మొదటి కూర్పు 1852 నాటిది. ప్లాట్స్ 1884లో ప్రచురించిన ఉర్దూ నిఘంటువు ఉన్నది. స్టైన్‌గాస్ 1892లో ప్రచురించిన ఫారసీ నిఘంటువు కూడ ఉన్నది. ఈ మూడింటికి మూడు గుర్తులు పెట్టుకొన్న విద్యార్థికి కలుగు లాభము ఒక ఉదాహరణతో చెప్పెదము.

దస్తావేజు అనే మాట తీసుకొనుడు. రిజిస్ట్రారు కచేరి మెట్లెక్కిన ప్రతి రైతు నోట ఉన్న మాట. తెలుగువాడు దానిని తెలుగు మాటగానే వాడుచున్నాడు. బ్రౌనును అడిగితే అది పత్రము, ఆధారము అని చెప్పును. అక్కడ ఆగక రెండవ గుర్తుతో ఉర్దూ లిపిలో ప్లాట్స్‌ను అడిగితే మాట రెండు ముక్కలుగా విడిపోవును. మూడవ గుర్తుతో ఫారసీ వాకిటికి పోతే, దస్త్ అనగా చేయి, ఆవేజ్ అనగా వ్రేలాడునది, పట్టుకొని ఉండునది అని తేలును. చేతితో పట్టుకొని నిలబడుటకు ఆధారమైనది దస్తావేజు. ఇంత ప్రయాణమునకు పట్టిన కాలము రెండు నిమిషములు. జవాబు, ఖరీదు, కచేరి, తహసీలు, జమాబందీ, మునసబు - ఇట్టి మాటలు మన రెండు జిల్లాల పల్లెలలో కోకొల్లలు. బ్రౌను ఈ కచేరీ మాటలకై జిల్లా నిఘంటువు అని ప్రత్యేకముగా ఒక గ్రంథమే కూర్చవలసి వచ్చినది. రెండు లిపులు చదవగల విద్యార్థి తప్ప ఈ మూడు వాకిళ్లను ఒకే పూటలో తట్టగలవాడు మరియొకడు లేడు. మైనారిటీ కళాశాలలో చదువు అనగా ఫీజు రాయితీ, స్కాలర్‌షిప్పు మాత్రమే అనుకొనేవారు ఈ సంపద సంగతి ఆలోచించవలెను.

ఇది కొత్తగా మేము కనిపెట్టిన కలయిక కాదు. విజయనగరములో 1919లో వెలసిన సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులైన ఆదిభట్ల నారాయణదాసుగారు ఉమర్ ఖయ్యాము రుబాయీలను ఫారసీ మూలము నుండియే సంస్కృతములోనికి, అచ్చతెలుగులోనికి తెచ్చినారు. ఎవరో ఇంగ్లీషులో చేసినది ఒకటి అందుబాటులో ఉన్నదిగదా అని ఆయన ఆ ఒక్క వాకిటనే ఆగిపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష కావలసినప్పుడు సవరలనే అడిగి నేర్చుకొన్నారు. 1938లో అచ్చైన ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు అట్లు అడుగగా వచ్చినది. ఎక్కడ అడగవలెనో తెలియుట పాండిత్యములో సగపాలు అని ఈ నేల మీది పెద్దలే నిరూపించినారు.

దారి వేసుకొన్నంత మాత్రమున అన్నియు దొరకునని మేము చెప్పుట లేదు. యంత్రము అక్షరమును చూచును గాని అర్థమును చూడదు. పుస్తకం అని సున్నతో కొడితే బ్రౌనులో దొరకకపోవచ్చును. ఆయన పుస్తకము అని వ్రాసినారు. ఈ సంచికకు వ్యాసములు వ్రాసేటప్పుడు ము-వర్ణకము పాతబడినదని నవ్వే విద్యార్థులు, కనీసము నిఘంటువు తెరచునప్పుడైన దానిని గౌరవించవలెను. ఉర్దూలో ఈ చిక్కు కంటికే తెలియదు. అరబ్బీ మీటల యే, ఉర్దూ మీటల యే మాట మధ్యలో ఒకే రీతిగా కనబడును. కాని కంప్యూటరుకు అవి రెండు వేరు వేరు అక్షరములు. కాఫ్ అక్షరమునకు కూడ ఇదే గతి. అరబ్బీ కీబోర్డు పెట్టుకొని ఉర్దూ మాట కొట్టి, ఈ నిఘంటువులో ఆ మాట లేదు అని తీర్మానించుట తగదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకముల పేర్లు ఆంగ్ల లిపిలో ఎవరికి తోచినట్లు వారు ఎక్కించినవి. ఒకే గ్రంథమును మూడు నాలుగు వర్ణక్రమములతో వెతకక తప్పదు. దగ్గరి దారి వలన ఆ మూడు నాలుగు ప్రయత్నములు విసుగు లేకుండ చేయవచ్చును. అంతే.

గుర్తుల ఎంపికలో కూడ వివేకము ఉండవలెను. నిత్యము వాడే మాటను గుర్తుగా పెట్టుకొంటే, మామూలుగా వెతకదలచినప్పుడు కూడ బ్రౌజరు మనలను నిఘంటువులోనికి లాగుకొనిపోవును. బ్రౌనుకు బి, ఆర్ అని, ప్లాట్స్‌కు పి, ఎల్ అని రెండేసి ఆంగ్లాక్షరములు చాలును. ఇక, మీ అన్వేషణ యంత్రమును మార్చెదము, సరే అనుడు అని తమంతట తామే వచ్చి అడిగే ప్రోగ్రాములు కొన్ని ఉండును. వాటికి మాత్రము సరే అనకూడదు. ఇంటి తాళపుచెవి దారిన పోయేవాని చేతికి ఇచ్చినట్లే.

ఈ మాటలు విని నవ్వేవారు ఉన్నారు. ఈనాడు కృత్రిమ మేధ ఏ ప్రశ్నకైనను వండిన జవాబు వడ్డించుచుండగా నిఘంటువుల గుమ్మములు తట్టుట ఎందుకు అని వారి ప్రశ్న. 2024 నుండి గూగుల్ ఫలితముల పైభాగముననే అటువంటి వంటకము కనబడుచున్నది. మేము దానికి విరోధులము కాము. కాని పరీక్షాధికారి ఎదుటను, పరిశోధన వ్యాసములోను, రేపు న్యాయస్థానములోను ఈ మాట ఎక్కడిది అని అడిగినప్పుడు గ్రంథము పేరు, సంవత్సరము, పుట చెప్పవలసిన బాధ్యత మనది. ఎవరు చెప్పినారో తెలియని జవాబును ఎంత ఇంపైన వాక్యములో చెప్పినను విద్యార్థి దానిని సరిచూడవలసియే ఉన్నది. సరిచూచుటకు దారి ఉండవలెను గదా. ఆ దారియే మేము అడుగుచున్నది. హదీసు శాస్త్రములో చెప్పినవారి పరంపరను పరిశీలింపక మాటను స్వీకరించరాదను నియమమును ఎరిగిన ఇండ్ల పిల్లలకు ఇది కొత్తగా బోధింపనక్కరలేదు.

బలమైన ఆక్షేపణ ఒకటి మాత్రము కలదు. మన విద్యార్థులలో అనేకులకు కంప్యూటరు లేదు, ఫోను మాత్రమే ఉన్నది అన్నది అది. ఫోనులోని క్రోమ్‌లో ఇట్లు మన చేతితో కొత్త వాకిళ్లు చేర్చుకొనే గళ్లు లేవు. ఆండ్రాయిడ్ ఫోనులోని ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నవి. అందువలన ఫోను మాత్రమే ఉన్నవారు దానిని తెచ్చి పెట్టుకొనవలెనని మా సలహా. అయినను చిన్న తెర మీద మూడు నిఘంటువులు తిరగవేయుట కన్నులకు శ్రమయే. కాబట్టి భారము తిరిగి కళాశాల మీదనే పడుచున్నది.

పాలక సంఘము పెద్దలకు మా మనవి ఇది. కొత్త కంప్యూటర్లు కొనుటను గురించి, వేగముగల కనెక్షనును గురించి సంఘములో చర్చ జరుగుట సంతోషమే. అవి వచ్చునప్పుడు వచ్చును. ఉన్న యంత్రములలో ఈ దారులు వేయుటకు పైసా ఖర్చు లేదు. ఫైర్‌ఫాక్స్‌లో గుర్తులతో సహా బుక్‌మార్కులన్నింటిని ఒక్క ఫైలుగా వెలికి తీయవచ్చును. దానిని పెన్‌డ్రైవులో వేసుకొని యంత్రము వెంట యంత్రమునకు ఎక్కించుకొంటూ పోవచ్చును. రాత్రి ఆపి ఉదయము పెట్టగానే అన్ని అమరికలు తుడిచివేయునట్లు కొన్ని కళాశాలల కంప్యూటర్లకు ఏర్పాటు చేయుదురు. మన గదిలోను అట్లే ఉంటే, మూల అమరికలోనే ఈ ఫైలును చేర్చవలెనని ఆ పని చేసేవారికి సంఘము ఆజ్ఞ ఇవ్వవలెను. ప్రతి తెర ప్రక్కన ఏ గుర్తు ఏ వాకిటిదో తెలుపు చిన్న అట్ట ఒకటి ఉర్దూ, తెలుగు రెండు లిపులలోను వ్రాయించి అంటించవలెను. ఆ అట్టలు వ్రాయు పని ఉర్దూ విభాగము విద్యార్థి ఒకరికి, తెలుగు విభాగము విద్యార్థి ఒకరికి కలిపి అప్పగిస్తే వారే మిగిలినవారికి నేర్పుదురు. గ్రంథాలయపు పుస్తకముల జాబితా కంప్యూటరులోనికి ఎక్కిన నాడు దానికి కూడ ఒక గుర్తు పెట్టవచ్చును. అలమరలోని పుస్తకము పది అడుగుల దూరములో ఉండగా ఊరంతా వెతికే అలవాటు అప్పుడు తగ్గును.

గ్రంథాలయములోని యంత్రముల మట్టుకైనను ఈ పనిని వేసవి సెలవులు ముగియులోగా పూర్తి చేయించవలెనని కోరుచున్నాము. అట్టల మీది మాటలు సరిచూచు బాధ్యత మా విభాగము తీసుకొనును.